మధుమేహము - దూరపు సైకిలు ప్రయాణము

సైకిలు మన దేశమున చిరకాలముగా సామాన్యుని వాహనము. పాలు పోయువాడును, ఉత్తరములు పంచు తపాలా ఉద్యోగియు, పొరుగూరి పాఠశాలకు పోవు బాలికయు దానిని నమ్ముకొనియే కాలము గడుపుచు వచ్చిరి. ఇప్పుడు దానికి మరియొక ఉపయోగము ఏర్పడినది. ఆరోగ్యము కొరకును, ఉల్లాసము కొరకును ఒక్క దినమున 100, 200 కిలోమీటర్లు త్రొక్కువారు నగరములందు కనబడుచున్నారు. హైదరాబాదు మొదలగు నగరముల నుండి జరుగు ‘బ్రెవే’ అను ప్రయాణములలో 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషములలోను, 300 కిలోమీటర్లను 20 గంటలలోను, 600 కిలోమీటర్లను 40 గంటలలోను ముగింపవలెను. ఇది పందెము కాదు. గడువు లోపల చేరిన వారందరును సమానులే.

ఇట్టి ప్రయాణములు చేయగోరువారిలో మధుమేహరోగులును కలరు. రక్తమున శర్కర తగ్గి దారిలో పడిపోవుదుమేమో యని కొందరు సైకిలు ముట్టుటకే జంకుదురు. మరికొందరు ఏ సన్నాహమును లేక బయలుదేరి ఆపద తెచ్చుకొందురు. ఈ రెండు మార్గములును సరియైనవి కావు. దేహమున జరుగు మార్పులను తెలిసికొని, లెక్క ప్రకారము నడచుకొన్నచో మధుమేహరోగి దూర ప్రయాణము చేయవచ్చును. ఆ లెక్కను వివరించుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

వ్యాయామము ఔషధమే

వ్యాయామము ఈ వ్యాధికి మేలు చేయునను భావము క్రొత్తది కాదు. ధనహీనుడైన ప్రమేహరోగి గొడుగును, పాదరక్షలును విడిచి నూరు యోజనములు నడువవలెనని సుశ్రుత సంహిత చెప్పుచున్నది. పాదరక్షలు లేని నడకను నేటి వైద్యము ఒప్పుకొనదు. ఏలయనగా మధుమేహరోగి పాదమునకు తగిలిన చిన్న గాయము కూడ ముదిరి ప్రమాదకరము కాగలదు. కాని నడక మేలను మూలసూత్రమును అది పూర్తిగా అంగీకరించుచున్నది.

1921 లో కెనడా దేశమునందలి టొరంటో నగరమున ఇన్సులిన్ కనుగొనబడినది. 1922 జనవరిలో 14 సంవత్సరముల బాలునికి దానిని మొదట ఇచ్చిరి. అంతకు పూర్వము మొదటి రకపు మధుమేహము సోకిన బాలలు అనతికాలముననే మరణించుచుండెడివారు. 2007 లో అమెరికా ఖండమును పశ్చిమ తీరము నుండి తూర్పు తీరము వరకు దాటు సుమారు 4,800 కిలోమీటర్ల సైకిలు పందెమున, సభ్యులందరును మొదటి రకపు మధుమేహరోగులే యైన ఒక జట్టు వంతులవారీగా త్రొక్కి, ఆరు దినముల లోపుననే గమ్యము చేరి, జట్లలో ప్రథమస్థానము పొందినది. వ్యాధి ఉన్నను సాధింపదగినది ఎంత కలదో దీనివలన తెలియును.

దేహమునందలి ఇంధనము

కండరము పనిచేయుటకు ఇంధనము కావలెను. అందు ముఖ్యమైనవి క్రొవ్వును, గ్లూకోజును. రక్తమంతటిలో ఒక సమయమున ఉండు గ్లూకోజు సుమారు 5 గ్రాములు మాత్రమే. అనగా ఒక చిన్న చెంచాడు. కండరములలో సుమారు 400 గ్రాములును, కాలేయమున సుమారు 100 గ్రాములును గ్లైకోజెను రూపమున నిలువయుండును. కండరములలోని నిలువను ఆ కండరములే వాడుకొనును; అది తిరిగి రక్తములోనికి రాదు. రక్తమునకు గ్లూకోజును అందించు ముఖ్యమైన కొట్టు కాలేయము. సైకిలు త్రొక్కునపుడు కండరములు రక్తమునుండి తోడుకొనునంత గ్లూకోజును కాలేయము ఎప్పటికప్పుడు పోయుచుండవలెను.

ఆరోగ్యవంతునిలో ఈ పని తనంతట తానే జరుగును. త్రొక్కుట మొదలిడగానే క్లోమము ఇన్సులిన్‌ను తగ్గించును. కాలేయము తలుపు తెరచును. ఇన్సులిన్ సూదిమందు తీసికొన్నవారికి ఈ సౌకర్యము లేదు. ఒకసారి చర్మము క్రింద చేరిన మందును వెనుకకు తీసికొనుటకు వీలులేదు. అంతేకాక, వ్యాయామము వలన రక్తప్రసారము హెచ్చి ఆ మందు మరింత త్వరగా రక్తమున కలియును. పనిచేయు కండరమో, ఇన్సులిన్ సహాయము అంతగా లేకయే గ్లూకోజును లాగుకొనగలదు. ఒకవైపు కండరము లాగుచుండగా, మరియొకవైపు ఇన్సులిన్ కాలేయము తలుపును మూసియుంచును. రక్తశర్కర వేగముగా పడిపోవుటకు కారణమిదియే.

అట్లని ఇన్సులిన్‌ను పూర్తిగా మానరాదు. దేహమున ఇన్సులిన్ బొత్తిగా లేనిచో కాలేయము అడ్డులేక శర్కరను వెలువరించును. క్రొవ్వు కరగి కీటోనులను ఆమ్లములు పుట్టును. అది ప్రాణాపాయకరము. కావున తగ్గింపవలెనే కాని మానరాదు.

మాత్రలు వాడు రెండవ రకపు రోగులలో అపాయము అందరికిని సమానము కాదు. గ్లిబెన్‌క్లమైడు, గ్లిమెపిరైడు, గ్లిక్లజైడు వంటి మాత్రలు శర్కరను ఎక్కువగా పడగొట్టగలవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడువారికి ఆ భయము చాల తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి మూత్రము ద్వారా శర్కరను, దానితోపాటు నీటిని వెడలించును. దూరప్రయాణమునకు ముందు వీనిని గూర్చి వైద్యుని ప్రత్యేకముగా అడుగవలెను.

ప్రయాణమునకు పూర్వము

మొదటి పని వైద్యపరీక్ష. గుండె, మూత్రపిండములు, రక్తపుపోటు, పాదముల స్పర్శజ్ఞానము, కంటి నేత్రపటలము పరీక్షింపబడవలెను. నేత్రపటలమున క్రొత్త రక్తనాళములు పుట్టియున్నచో తీవ్ర శ్రమవలన కంటిలో రక్తస్రావము కలుగవచ్చును. చికిత్స ముగియువరకు అట్టి శ్రమ తగదు.

రెండవది క్రమాభ్యాసము. 20 కిలోమీటర్లతో ఆరంభించి, 40, 60, 100 అని వారములు గడచినకొలది పెంచుకొనుచు పోవలెను. ప్రతి ప్రయాణమున బయలుదేరినపుడు, నడుమ, ముగిసినపుడు చూచిన శర్కర అంకెలను, తిన్న ఆహారమును, తీసికొన్న మందును ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనవలెను. ఒకని దేహము వేరు, మరియొకని దేహము వేరు. తన దేహమును గూర్చి ఈ పుస్తకము చెప్పునంతగా మరే గ్రంథమును చెప్పజాలదు.

మూడవది మందు తగ్గింపు. దూరప్రయాణమునకు ముందు తిను భోజనమునకు తీసికొను ఇన్సులిన్‌ను సాధారణముగా నాల్గవవంతు మొదలు మూడువంతుల వరకు తగ్గింతురు. శ్రమ ఎంత దీర్ఘమో తగ్గింపు అంత హెచ్చు. దినమంతయు పనిచేయు ఇన్సులిన్‌ను కొందరికి అయిదవ వంతు తగ్గింతురు. ఈ మోతాదులను ఎవరికివారు నిర్ణయించుకొనక, వ్రాత పుస్తకమును వైద్యునికి చూపి నిర్ణయించుకొనవలెను. సూదిని తొడకు గాక పొట్టకు వేసికొనుట మేలు. త్రొక్కునపుడు తొడ కండరములు వేడెక్కి మందు త్వరపడును.

బయలుదేరు వేళ

బయలుదేరు ముందు రక్తశర్కరను తప్పక చూడవలెను. 100 మిల్లీలీటర్ల రక్తమున 126 నుండి 180 మిల్లీగ్రాముల వరకు ఉన్నచో ప్రయాణమునకు అనుకూలము. 90 మొదలు 125 వరకు ఉన్నచో 10 గ్రాముల గ్లూకోజు తీసికొని బయలుదేరవచ్చును. 90 కి లోపల ఉన్నచో 10 నుండి 20 గ్రాములు తీసికొని, అంకె 90 దాటువరకు ఆగవలెను. 270 దాటి, అందుకు ఇటీవల తిన్న ఆహారము కారణము కానిచో, కీటోనుల పరీక్ష అవసరము. రక్తమున కీటోనులు లీటరుకు 1.5 మిల్లీమోలులు గాని అంతకు మించి గాని ఉన్నచో ఆ దినము సైకిలు ఎక్కరాదు. వెంటనే వైద్యసహాయము పొందవలెను. గడచిన 24 గంటలలో, ఇతరుల సహాయము కావలసివచ్చునంతగా శర్కర పడిపోయి యున్నచో, అంకె ఎంత బాగున్నను ప్రయాణము మానవలెను.

మార్గమధ్యమున

ఆకలి వేయువరకు ఆగి తినుట సైకిలు ప్రయాణమున పొరపాటు; మధుమేహరోగికి అది పెద్ద పొరపాటు. గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థము అందవలెను. రెండున్నర గంటలు మించిన ప్రయాణమున, అలవాటు చేసికొన్నవారు 75 గ్రాముల వరకు తీసికొందురు. దానిని ఒక్కసారి తినక, అరగంటకొకమారు పంచుకొని తినుట మంచిది.

ఇందులకు ఖరీదైన పదార్థములు అక్కరలేదు. చిన్న అరటిపండులో సుమారు 15 గ్రాములు, మోస్తరు ఇడ్లీలో 10 నుండి 15 గ్రాములు, చిన్న ఖర్జూరపు పండులో 5, 6 గ్రాములు ఉండును. వేరుసెనగ పప్పుండ బలమైనదే. కాని అందలి నూనె వలన ఆలస్యముగా జీర్ణమగును. అది నెమ్మదిగా సాగు ప్రయాణమునకు తగును గాని, శర్కర పడిపోయినపుడు ఆదుకొనదు. లీటరు నీటిలో కలుపు ఓ.ఆర్.ఎస్. పొడియందు గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. ఒక గ్లాసుడు కొబ్బరినీటిలోను చక్కెర స్వల్పమే. ఇవి దాహమునకు, ఉప్పులోటునకు మంచివి. పడిపోయిన శర్కరను నిలబెట్టుటకు చాలవు. ఈ భేదమును మరువరాదు.

గంటకొకమారైనను, శర్కర దిగుచున్నపుడు అరగంటకొకమారును పరీక్షించుకొనవలెను. చర్మమునకు అంటించుకొను నిరంతర సూచికలు ఇప్పుడు దొరకుచున్నవి. అవి అంకెనే కాక, అది పైకి పోవుచున్నదో దిగుచున్నదో కూడ చూపును. అయినను శ్రమవేళ వాని అంకె రక్తపు అంకెకు కొన్ని నిమిషములు వెనుకబడి యుండును. సూచికలో 80 కనబడునప్పటికి రక్తమున 65 ఉండవచ్చును. సందేహము కలిగినచో వ్రేలి రక్తమునే పరీక్షింపవలెను; వ్రేలికి అంటిన పండురసమును ముందు కడుగుకొనవలెను.

ఎత్తు ఎక్కునపుడు గాని, వేగముగా త్రొక్కునపుడు గాని శర్కర తగ్గుటకు బదులు పెరుగుటయు కలదు. ఉద్రేకమున పుట్టు ఆడ్రినలిన్ కాలేయమును తెరచుటయే అందుకు కారణము. అట్టి పెరుగుదలను చూచి తొందరపడి పూర్తి మోతాదు ఇన్సులిన్ తీసికొన్నచో, కొంతసేపటికి శర్కర పాతాళమునకు దిగును.

శర్కర పడిపోయినపుడు

70 మిల్లీగ్రాముల లోపలికి దిగుట హెచ్చరిక. 54 లోపలికి దిగుట గండము. వణకు, చెమట, గుండెదడ, ఆకలి, నాలుక తిమ్మిరి, చూపు మసక, చిరాకు దీని గుర్తులు. దూరము త్రొక్కువానికి చెమటయు, గుండెదడయు ఎట్లును ఉండును గనుక ఈ గుర్తులు మరుగునపడును. రక్తపుపోటుకై కొన్ని రకముల మందులు వాడువారికి దడ, వణకు తెలియకపోవచ్చును. అన్నిటికంటె ప్రమాదకరమైన విషయము వేరు. శర్కర తగ్గినపుడు మెదడే మందగించును. ఆపదను గుర్తింపవలసిన బుద్ధియే ఆపదలో చిక్కును. లారీలు పోవు రహదారిపై ఒక నిమిషము తబ్బిబ్బు ప్రాణమునకే ముప్పు. కనుక ‘ఇంకొక రెండు కిలోమీటర్లు పోయి చూతము’ అను ఆలోచన కూడదు. అనుమానము తోచినచోటనే ప్రక్కకు దిగవలెను.

చేయవలసినది ఇది: 15 గ్రాముల గ్లూకోజు, లేదా మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగవలెను. 15 నిమిషములు ఆగి మరల పరీక్షింపవలెను. 70 దాటనిచో మరల 15 గ్రాములు తీసికొనవలెను. అంకె కోలుకొన్న పిమ్మట బిస్కట్లో, ఇడ్లీయో, పండో తినవలెను. 90 దాటి, నిలకడగా ఉన్నదని తేలువరకు సైకిలు ఎక్కరాదు.

తోడివారికి ఈ విషయములు ముందే చెప్పియుంచవలెను. సమాధానము తడబడినను, కారణము లేక కోపపడినను, సైకిలు వంకరగా పోయినను వారు ఆపింపవలెను. రోగి ‘నాకేమియు లేదు’ అనినను నమ్మరాదు. స్పృహ తప్పినవాని నోటిలో నీరు గాని, చక్కెర గాని పోయరాదు; అది ఊపిరితిత్తులలోనికి పోవును. అతనిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, గ్లూకగాన్ మందు ఉండి, వాడుట తెలిసియున్నచో ఇచ్చి, 108 వాహనమును పిలువవలెను.

ఎండ, నీరు, మందుల భద్రత

మన వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటును. వాడుకలోనున్న ఇన్సులిన్‌ను 30 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచరాదు. ఎండలో కాలిన సంచిలోని మందు చూచుటకు మామూలుగానే ఉండి, శక్తి కోల్పోవచ్చును. తడిపి వాడు చల్లని సంచిగాని, తడిగుడ్డ చుట్టిన మూతగల డబ్బాగాని ఉపయోగింపవలెను. మంచుగడ్డకు ఆనించరాదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. పరీక్షా పట్టీలను కూడ ఎండ, తేమ తగులకుండ వాని సీసాలోనే ఉంచవలెను.

మన దేశమున మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు గల ఇన్సులిన్ రెండును దొరకును. దారిలో క్రొత్త సీసా కొనవలసి వచ్చినచో, సీసాపై అంకెయు, సిరంజిపై అంకెయు ఒకటిగా ఉన్నవో లేవో చూచుకొనవలెను. ఈ చిన్న పొరపాటు వలన రెండున్నర రెట్ల మోతాదు లోపలికి పోగలదు.

ఒక దినపు లెక్క

పై విషయములు ఒక ఉదాహరణముచే స్పష్టపడును. మొదటి రకపు మధుమేహము గల ఒక ఉపాధ్యాయుడు హైదరాబాదు నుండి వరంగల్లు మార్గమున 100 కిలోమీటర్లు పోయి మరలివచ్చు ప్రయాణమునకు బయలుదేరినాడనుకొందము. ఉదయము మూడు ఇడ్లీలు తిని, అలవాటైన 6 యూనిట్లకు బదులు, వైద్యుడు చెప్పినట్లు 3 యూనిట్లు తీసికొనెను. ఆరు గంటలకు అంకె 165. మిత్రునితో కలిసి బయలుదేరి, అరగంటకొకమారు 20 గ్రాముల చొప్పున తినుచు పోయెను. భువనగిరి దగ్గర 132. ఆలేరు దగ్గర ఎదురుగాలి, అంకె 104. ఆగి ఒక అరటిపండు, రెండు ఖర్జూరములు అదనముగా తినెను. జనగామ దాటి మరలునప్పటికి 138. అంతవరకు అంతయు సవ్యముగానే జరిగినది.

తిరుగుదారిలో పన్నెండున్నరకు జనగామలో పెరుగన్నము తినెను. అలవాటు 8 యూనిట్లు. అతడు 6 తీసికొనెను. మూడు గంటల వేళ మిత్రుడు ఏదో అడుగగా అతడు బదులు పలుకలేదు. మిత్రుడు బలవంతముగా ఆపించి పరీక్షింపగా 58. గ్లూకోజు రెండుమార్లు తీసికొనినమీదట 96 వచ్చెను. బిస్కట్లు తిని, గంటసేపు కూర్చుండి, 124 చూచుకొని మరల బయలుదేరెను. అరగంటకే 68.

ఇంకను 30 కిలోమీటర్లు మాత్రమే మిగిలినవి. గడువునకు రెండు గంటలకు మించి ఉన్నది. కాళ్లలో సత్తువయు ఉన్నది. అయినను అతడు ఆగిపోయెను. గ్లూకోజు తీసికొని, సైకిలును సరకుల ఆటోలో వేసికొని ఇల్లు చేరెను. ఒక్క దినమున రెండుమార్లు పడిపోయిన శర్కర మూడవమారు ముందుగా తెలియపరచదు. ఒకమారు పడిపోయిన పిమ్మట దేహము ఇచ్చు హెచ్చరికలు మందగించును. ఆ మాట అతడు ఎరిగియుండెను.

లోపమెక్కడ? మధ్యాహ్నపు మోతాదును నాల్గవవంతు మాత్రమే తగ్గించుటలో. కూర్చుండి తిన్న భోజనము ఇంటి భోజనమువలె తోచినది. కాని భోజనానంతరము అతడు కూర్చుండలేదు, నాలుగు గంటలు త్రొక్కబోవుచున్నాడు. వ్రాత పుస్తకము చూచిన వైద్యుడు, అట్టి భోజనమునకు ఇకమీదట 2 యూనిట్లు మాత్రమే చాలునని నిర్ణయించెను. ఆగిన ప్రయాణము వ్యర్థము కాలేదు. తరువాతి ప్రయాణమునకు పాఠమైనది.

ఆ రాత్రి జాగ్రత్త

ప్రయాణము ముగిసినంత మాత్రమున అపాయము ముగియదు. ఖాళీయైన కండరములు తమ కొట్టును నింపుకొనుటకు 24 గంటల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, రక్తమునుండి గ్లూకోజును తీసికొనుచుండును. అర్ధరాత్రి నిద్రలో శర్కర పడిపోవుట ఇందువలననే. ముగిసిన గంట లోపల అన్నము, పప్పు వంటి ఆహారము తినవలెను. దానికి తీసికొను ఇన్సులిన్‌ను వైద్యుని సలహాపై తగ్గించుకొనవలెను. రాత్రి వేసికొను దీర్ఘకాలిక ఇన్సులిన్‌ను సుమారు అయిదవ వంతు తగ్గించుట పలువురికి అవసరమగును. పరుండబోవు ముందు పరీక్షించుకొని, తక్కువగా తోచినచో పాలు, రొట్టె తీసికొనవలెను. తెల్లవారుజామున రెండు, మూడు గంటల మధ్య అలారము పెట్టుకొని మరియొకమారు చూచుకొనవలెను. ఆ దినము మద్యము ముట్టరాదు. అది కాలేయమును బంధించి శర్కరను మరింత పడగొట్టును. ఇంటివారికి ఈ సంగతి తెలిసియుండవలెను. స్నానము చేయునపుడు పాదములను, కూర్చుండుచోటును పరిశీలించి, పొక్కులున్నచో వెంటనే శుభ్రపరచి కట్టుకట్టవలెను.

గుర్తుంచుకొనవలసినవి

1. వైద్యపరీక్ష లేక దూరప్రయాణము చేయరాదు.
2. ఇన్సులిన్‌ను తగ్గింపవలెనే కాని పూర్తిగా మానరాదు.
3. గ్లూకోజు పొడిని సైకిలు సంచిలో గాక చొక్కా జేబులో ఉంచుకొనవలెను. సైకిలు నుండి వేరుపడినను అది దగ్గర ఉండవలెను.
4. వ్యాధి పేరు, వాడు మందు, ఇంటివారి ఫోను నంబరు వ్రాసిన చీటి ఒంటిపై ఉండవలెను.
5. ఒంటరిగా పోరాదు. తోడివారికి అంతయు తెలిసియుండవలెను.
6. అనుమానము కలిగినచో ఆగవలెను, పరీక్షింపవలెను, తినవలెను.

మధుమేహము జీవితాంతము వెంటనుండు వ్యాధి. దానిని మరచినవాడు దెబ్బతినును. దానికి వెరచి మూల కూర్చుండినవాడును దెబ్బతినును. అంకెను చూచుకొనుచు, ఆహారమును లెక్కించుకొనుచు, ఆగవలసినచోట ఆగగలవాడు ఎంత దూరమైనను పోగలడు, క్షేమముగా ఇల్లు చేరగలడు.